నిదానం మామ నేర్పిన చదరంగం

గోడౌనులో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. మేస్త్రీ దగ్గర్నుంచి టీ తెచ్చే ముసలాయన దాకా అందరికీ అతను నిదానం. పిల్లలకైతే నిదానం మామ. ఆ పేరు ఊరికే రాలేదు. పదిహేనేళ్ళ కిందట లారీ వెనక తలుపు వేస్తున్నప్పుడు, అది ఎటు పడుతుందో చూడకుండా చెయ్యి పెట్టాడు. ఎడమ చేతి వేళ్ళు రెండు సగానికి పోయాయి. అప్పట్నుంచి పక్కవాడు బస్తా ఎత్తబోయినా, లారీకి ఆనించిన పలక మీద కాలు పెట్టబోయినా, "నిదానం, నిదానం" అని అరవడం అలవాటైపోయింది. మొదట్లో వెక్కిరించడానికి అలా పిలిచారు. తర్వాత అదే పేరైపోయింది.

నిజానికి అతని పనిలో నిదానానికి చోటే లేదు. లారీ వచ్చి నిలబడితే డ్రైవరుకి తొందర, గుమాస్తాకి తొందర, వెనకాల నిలబడ్డ ఇంకో లారీకి అంతకన్నా తొందర. ఒకటి ఖాళీ అయ్యేసరికి రెండోది సిద్ధం. సాయంత్రం ఆరింటికి తలగుడ్డ విప్పి దులుపుకునేసరికి ఒళ్ళు పిండేసిన బట్టలా ఉండేది. మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు వేరే ఎవరివో అన్నట్టు వణికేవి. ఇంటికెళ్ళి నడుం వాల్చడం తప్ప ఇంకో కోరిక ఉండేది కాదు. అయినా ఇంటికి వెళ్ళేవాడు కాదు. గేటు పక్కనున్న రెస్టు రూముకి వెళ్ళేవాడు.

అక్కడ నలుగురు పిల్లలు అతని కోసం చూస్తూ ఉండేవాళ్ళు.

వాళ్ళ తల్లులు గోడౌనులో ఒలికిన గింజలు ఊడ్చి ఎత్తే ఆడవాళ్ళు. ఏడింటిదాకా వాళ్ళకి పని తెమలదు. బడి వదిలాక పిల్లలు వచ్చి ఆ గదిలో పడి కొట్టుకునేవాళ్ళు. ఒకరోజు వాళ్ళ గోల భరించలేక, ఇంట్లో అల్మారా మీద పడున్న చదరంగం బల్ల తెచ్చి వాళ్ళ మధ్య పెట్టాడు. అంతే, అతను మాస్టరైపోయాడు.

అతనికి ఆ ఆట నేర్పింది ఒక లారీ డ్రైవరు. ఒక వానాకాలం గోడౌను షట్టరు బిగుసుకుపోయి, సరుకు దించడానికి వీల్లేక నాలుగు రోజులు లారీలన్నీ నిలబడిపోయాయి. డ్రైవరు సీటు కిందనుంచి బల్ల తీశాడు.

"నాకు చదువు రాదు బాబూ" అన్నాడు నిదానం.

"దీనికి చదువెందుకు? కళ్ళుంటే చాలు. ఇది రాజు, ఇది మంత్రి. ఏనుగు తిన్నగా పోతుంది, ఒంటె ఐమూలగా పోతుంది. గుర్రం మాత్రం మన మేస్త్రీలాగ, ఎటు దూకుతుందో దానికే తెలీదు."

మూడు రోజులు చిత్తుగా ఓడిపోయాడు. నాలుగో రోజు ఒక్క ఎత్తు కోసం అరగంట కూర్చున్నాడు. ఇది వేస్తే వాడు అది వేస్తాడు, అది వేస్తే నేను ఇది వేస్తాను అని చివరిదాకా చూసుకుని వేశాడు. అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. నాలుగో తరగతిలో బడి మానేశాక అతన్ని ఆలోచించమని ఎవరూ అడగలేదు. ఎత్తు, దించు, పక్కకి జరుగు. అంతే. ఆరోజు మొదటిసారి, తన తలలో కూడా ఒక పనిముట్టు ఉందనీ, ఇన్నాళ్ళూ అది తుప్పు పట్టి పడుందనీ అతనికి తెలిసింది. ఆ సంగతి ఈ పిల్లలకి తనలాగ నలభై ఏళ్ళకి కాకుండా తొమ్మిదో పదో ఏట తెలిస్తే బాగుండుననేది అతని ఆశ. అందుకే మోకాళ్ళు వణుకుతున్నా రోజూ ఆ గదికి వెళ్ళేవాడు.

అతని పద్ధతి ఒకటే. "చేతులు తొడల కింద పెట్టుకోండి. ముందు కళ్ళతో ఆడండి. వాడు ఆ ఎత్తు ఎందుకు వేశాడు? నాది ఏం కొడదామని చూస్తున్నాడు? నేను వేశాక వాడేం చేస్తాడు? ఈ మూడూ అడుక్కున్నాకే చెయ్యి బయటికి రావాలి. వేసి, మళ్ళీ కిందకి పోవాలి. చూడకుండా పెట్టిన చెయ్యి ఏమవుతుందో ఇదుగో చూడండి" అని సగం వేళ్ళు చూపించేవాడు.

"అబ్బా మామా, రోజూ చూపిస్తావు, పెరిగాయా ఏంటి?" అనేది గోల. ఆ పిల్ల నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు. బొండాలని పిలిచే అన్నదమ్ములిద్దరూ కిలకిలా నవ్వేవాళ్ళు. నవ్వనిది పిచ్చుక ఒక్కతే. చిన్న మొహం, సన్నటి కాళ్ళు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేది. చేతుల మీద కూర్చుని బల్లని అలా చూస్తూ ఉండేది. చూసి చూసి, ఒక్క ఎత్తు వేసేది. అంతటితో అవతలివాడి పని అయిపోయేది. ఇప్పటికి నిదానం రాజునే మూడుసార్లు కట్టేసి ఆట గెలిచింది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు సూపర్వైజరు వచ్చి గది నాలుగు మూలలూ టేపుతో కొలిచాడు.

"ఈ రూము ఖాళీ చెయ్యాలి నిదానం. కొత్త కాటా వస్తోంది, ఇక్కడే బిగిస్తారు. ఒకటో తారీకు నుంచి."

"సాయంత్రం పిల్లలు కూర్చుంటున్నారండీ."

"కాటా మీద కూర్చోబెట్టు. బరువైనా తెలుస్తుంది" అని తన మాటకి తనే నవ్వుకుని వెళ్ళిపోయాడు.

పిల్లల ఇళ్ళు ఒక్కొక్కటి ఒక్క గది. నిదానం ఇల్లూ అంతే. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. రెండు రోజులు ఆలోచించి, మధ్యాహ్నం అన్నం మానేసి, పిల్లలు చదివే బడికి వెళ్ళాడు. పెద్ద టీచరమ్మ అతని ఒంటిమీది దుమ్ము చూసి కుర్చీ చూపించింది గానీ, అతను కూర్చోలేదు. చదరంగంతో పిల్లలకి ఆలోచన పెరుగుతుందనీ, కావాలంటే పిచ్చుకని చూడమనీ చెప్పి, ఒక గది ఇమ్మని అడిగాడు.

"పిచ్చుకా? ఆ పిల్ల మా దగ్గర నోరే విప్పదండీ. ప్రశ్న అడిగితే బల్ల వైపు చూస్తుంది. వెనకబడిందని క్లాసు టీచరు రోజూ చెప్తుంది" అందావిడ.

"వెనకబడలేదండి. ఆలోచిస్తుందండి."

"మీరేం చదివారు?"

"నాలుగండి. అదీ పూర్తిగా కాదు."

ఆవిడ నవ్వలేదు. అది మంచిదే. "చూడండి, శనివారం సాయంత్రాలు ఒక గది ఖాళీగానే ఉంటుంది. కానీ ఇవ్వాలంటే నేను పైకి రాయాలి. పిల్లలు ఆడుకుంటున్నారని రాస్తే ఒప్పుకోరు. ఆలోచన పెరుగుతుందంటున్నారు కదా, దానికి ఏదో ఒక కాగితం ఉండాలి. ఆదివారం పిల్లల చదరంగం పోటీ ఉంది. బడికి ఒక్కరినే రానిస్తారు. మూడాటలు. రెండు గెలిస్తే సర్టిఫికెట్టు ఇస్తారు. అది తెండి, గది మీది."

ఇంట్లో చెబితే భార్య నెత్తి కొట్టుకుంది. "ఉన్న ఒక్క సెలవూ దానికేనా? బస్తాలు మోసింది చాలక పిల్లల్ని కూడా మొయ్యాలా నువ్వు?"

"ఈ ఒక్క ఆదివారమేనే."

"నీ ఒక్క ఆదివారాలు నాకు కొత్తా ఏంటి?" అంది గానీ, ఉతికిన చొక్కా తీసి పెట్టింది.

పిచ్చుకని తీసుకెళ్ళాడు. పోటీ పెట్టింది పెద్ద హాల్లో. పెద్దవాళ్ళని లోపలికి రానివ్వలేదు. పిల్లలు లోపలికెళ్ళగానే తలుపులు వేశారు. వరండాలో వరసగా అద్దాల కిటికీలు. తల్లులూ తండ్రులూ వాటికి ముక్కులు ఆనించి నిలబడ్డారు. లోపల ఎవరో మైకులో ఏదో చెబుతున్నారు, బయటికి వినపడలేదు. ప్రతి బల్ల పక్కనా ఎర్ర అంకెలు మెరిసే చిన్న డబ్బా ఒకటి ఉంది. అదేంటో నిదానానికి అంతుపట్టలేదు. వరస నెంబరేమో అనుకున్నాడు.

మొదటి ఆట పిచ్చుక ఇట్టే గెలిచింది. అవతలి పిల్లవాడు టకటకా వేసుకుంటూ పోయి మంత్రిని తీసుకొచ్చి పిచ్చుక నోట్లో పెట్టాడు. రెండో ఆట ఓడిపోయింది. అది న్యాయంగానే ఓడింది, అవతల ఉన్న పిల్ల నిజంగా బాగా ఆడింది. ఇక మిగిలింది మూడోది.

మూడో ఆటకి ఎదురుగా కూర్చున్నది మెరిసే బూట్ల కుర్రాడు. పిచ్చుక బల్ల సరిగ్గా నిదానం నిలబడ్డ కిటికీ పక్కనే పడింది. అద్దంలోంచి అన్నీ కనిపిస్తున్నాయి. కాసేపటికే అతని ప్రాణం లేచొచ్చింది. పిచ్చుక దగ్గర ఒక ఏనుగు ఎక్కువుంది. కుర్రాడి రాజు మూలకి చేరాడు. ఇంకో నాలుగైదు ఎత్తులు, అంతే. గది మాదే అనుకున్నాడు.

అప్పుడు చూశాడు ఆ డబ్బాని. రెండు వైపులా అంకెలు. కుర్రాడి వైపు పదకొండు నిమిషాల దగ్గర కదలకుండా ఉంది. పిచ్చుక వైపు మూడు నిమిషాలుంది, గబగబా తగ్గుతోంది.

పక్కనున్న పెద్దాయన్ని అడిగాడు. "ఏమండీ, అదేంటి?"

"గడియారం కదండీ. ఇద్దరికీ చెరో ఇరవై నిమిషాలు. ఎత్తు వేశాక తన వైపు మీట నొక్కాలి. అప్పుడు తన టైము ఆగి, ఎదుటివాడిది నడుస్తుంది. టైము అయిపోతే ఆట పోయినట్టే." ఆయన కూడా లోపలికి చూశాడు. "అయ్యో, ఆ పాప మీట నొక్కట్లేదు. మీ పాపేనా?"

నిదానం మొహం అద్దానికి ఆనించాడు. పిచ్చుక ఏనుగుని జరిపింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. మీట వైపు పోవాల్సిన చెయ్యి నేరుగా తొడ కిందకి పోయింది. రెండేళ్ళుగా రోజూ అతను చెప్పినట్టే, పొల్లు పోకుండా.

కుర్రాడు ఒకసారి గడియారం చూశాడు, ఒకసారి పిచ్చుకని చూశాడు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాడు. వాడు ఎత్తు వెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు. చెడ్డ కుర్రాడేం కాదు. వాడికి వాళ్ళ మాస్టరు నేర్పింది వాడు చేస్తున్నాడు. పిచ్చుకకి నిదానం నేర్పింది పిచ్చుక చేస్తోంది.

అద్దం తట్టడానికి చెయ్యెత్తాడు. పెద్దాయన పట్టుకున్నాడు. "తట్టకండి. బయటినుంచి సైగ చేశారని మీ పాపని ఆటలోంచే తీసేస్తారు."

చెయ్యి దించాడు. ఒక నిమిషం. నలభై సెకన్లు. కుర్రాడు తీరిగ్గా ఒక బంటు జరిపాడు. పిచ్చుక కళ్ళు బల్ల మీంచి లేవలేదు. మూడు ప్రశ్నలూ అడుక్కుంటోందని నిదానానికి తెలుస్తూనే ఉంది. పెదాలు కదులుతున్నాయి. 'అడక్కే తల్లీ, వేసెయ్యి' అని లోపల్లోపలే గొంతు చించుకుంటున్నాడు. బతుకంతా వెనకనుంచి ఎవరో తరుముతుంటే పరిగెత్తినవాడు, ఈ ఒక్క పిల్లనైనా ఎవరూ తరమకుండా కూర్చోబెడదామనుకున్నాడు. ఇప్పుడు తనే అద్దం బయటినుంచి తరుముతున్నాడు. పిచ్చుక ఎత్తు వేసింది. మంచి ఎత్తు. రాజుకి చెక్. చేతులు కిందకి పోయాయి.

డబ్బా కుయ్యిమంది.

పిచ్చుక తలెత్తలేదు. ఆ చప్పుడు వేరే ఎవరిదో అనుకున్నట్టుంది. కుర్రాడు ఎత్తు వేస్తాడని చూస్తూనే ఉంది. కుర్రాడు కలపమని చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ఎందుకో ఆ పిల్లకి అర్థం కాలేదు.

తిరిగొచ్చే బస్సులో పిచ్చుకే ముందు అడిగింది.

"మామా, ఇంకొక్క ఎత్తుంటే కట్టేగా?"

"కట్టే."

"మీట సంగతి మొదట్లో మైకులో చెప్పారు. కొన్ని ఎత్తులకి నొక్కాను కూడా. ఆలోచించేటప్పుడు గుర్తు రాలేదు."

"తప్పు నీది కాదే. చేతులు కింద పెట్టుకోమంది నేను కదా."

"నీకు గడియారం సంగతి తెలీదా?"

"తెలీదు."

"ఎవర్నన్నా అడగాల్సింది."

అడగాల్సిందే. అడగాలని తోచనే లేదు. తను ఆడిన చోట గడియారమంటే లారీ హారనే. అది మోగితే ఆట ఎక్కడిదక్కడ వదిలేసి లేచి బస్తా ఎత్తుకోవడం, అది అయ్యాక వచ్చి మళ్ళీ అక్కడే మొదలుపెట్టడం. టైము అయిపోయింది కాబట్టి ఆట పోయినట్టు అక్కడ ఎవరూ ఎవరికీ చెప్పలేదు. కానీ ఇదంతా పదేళ్ళ పిల్లకి ఏమని చెబుతాడు? కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పిచ్చుక కాసేపటికి అతని భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. ఆ భుజం మీద ఎన్ని బస్తాలు మోశాడో లెక్కలేదు గానీ, ఏదీ అంత బరువనిపించలేదు.

సోమవారం మళ్ళీ అన్నం మానేసి బడికి వెళ్ళాడు. పెద్ద టీచరమ్మకి అప్పటికే తెలిసింది.

"నేను చెయ్యగలిగింది లేదండీ. ఏమని రాయను?"

"గెలిచే ఆటేనండి అది. ఒక్కో ఎత్తూ నాకు గుర్తుంది, చెప్తాను రాసుకోండి. తెలిసినవాళ్ళకి చూపిస్తే వాళ్ళే చెప్తారు. తప్పు నాది, పిల్లది కాదు."

"నాకు ఆ ఆట రాదండీ. పైవాళ్ళకీ రాదు. వాళ్ళకి కాగితం కావాలి."

గంట కొట్టారు. ఆవిడ లేచింది. నిదానం పక్కకి తప్పుకుంటూ అన్నాడు, "సరేనండి. గది సంగతి వదిలెయ్యండి. ఒక్క మాట. ప్రశ్న అడిగినప్పుడు అది బల్ల వైపు చూస్తే రాదనుకోకండి. చూస్తోందనుకోండి. కాస్త టైమివ్వండి."

ఆవిడ గుమ్మంలో ఆగి చూసింది. రెండో గంట కొట్టారు, వెళ్ళిపోయింది.

నెలాఖరు రోజు రెస్టు రూములో బెంచీలు కూడా లేవు. నేల మీదే కూర్చోబెట్టి చెప్పాడు. "రేపట్నుంచి లేదు."

"మరి ఎల్లుండి?" అంది గోల.

"ఎల్లుండీ లేదు. ఎక్కడా చోటు దొరకలేదురా."

చిన్న బొండాం ఏడుపు మొదలెట్టాడు. పెద్ద బొండాం వాడి వీపు మీద ఒకటి వేశాడు. పిచ్చుక పావుల్ని ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసింది. బల్ల చంకలో పెట్టుకుని నిదానం ఇంటికి వెళ్ళాడు.

చెప్పుకుంటే సిగ్గుగానీ, మర్నాడు ఆరున్నరకే ఇంట్లో ఉంటే హాయిగా ఉంది. కాళ్ళు కడుక్కుని మంచం మీద వాలితే మళ్ళీ భార్య అన్నానికి లేపేదాకా ఒళ్ళు తెలీలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. "ఇన్నాళ్ళకి మనిషిలా కనిపిస్తున్నావు" అంది భార్య. నిజమే. నడుం నొప్పి కూడా కాస్త తగ్గింది. కానీ మెలకువ రాగానే మొదట పిల్లలే గుర్తొచ్చేవాళ్ళు. ఆ నలుగురూ ఇప్పుడు ఏ గోడ పక్కన కొట్టుకుంటున్నారో అని. చోటు లేకపోవడానికి కారణం కాటా కాదు, తనే అని.

అయిదో రోజు లారీలు తక్కువొచ్చాయి. ఇంకా ఎండ ఉండగానే బయటపడ్డాడు. దారిలో మూతపడ్డ పాత సినిమా టికెట్ కౌంటరు మీదుగా వస్తుంటే దాని వెనకనుంచి చిన్న బొండాం గొంతు వినపడింది. "ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు..." దాగుడుమూతలనుకున్నాడు. అంతలో దబ్బుమని చప్పుడు. మళ్ళీ "ఒకటి, రెండు..."

తొంగి చూశాడు. కౌంటరు వెనక రేకు నీడలో సిమెంటు అరుగు. దాని మీద బొగ్గుతో గీసిన అరవై నాలుగు గళ్ళు. సీసా మూతలు, మరమేకులు, విరిగిన దువ్వెన ముక్కలు. పిచ్చుకా, గోలా ఆడుతున్నారు. చిన్న బొండాం పక్కన నిలబడి గొంతు పగిలేలా లెక్కపెడుతున్నాడు. గోల ఎత్తు వేసి అరుగుని అరిచేత్తో ఫట్టుమని చరిచింది. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది, ఈసారి పిచ్చుకకి.

"ఇదేంట్రా?" అన్నాడు.

"గడియారం" అన్నాడు బొండాం, లెక్క ఆపకుండానే. "...తొమ్మిది, పది. పిచ్చుకక్క కనిపెట్టింది. ఎత్తు వేశాక చరవాలి. చరవకపోతే లెక్క తన మీదే నడుస్తుంది. పదమూడు, పధ్నాలుగు. యాభై వస్తే పోయినట్టే."

పిచ్చుక ఎత్తు వేసి అరుగు చరిచింది. ఎంత గట్టిగా చరిచిందంటే, అరిచెయ్యి ఎర్రబడింది. "మొదట్లో మర్చిపోయేదాన్ని మామా. ఇప్పుడు మర్చిపోవట్లేదు."

అలా గట్టిగా ఆ పిల్ల మాట్లాడడం నిదానం ఎప్పుడూ వినలేదు.

"ఎన్ని రోజుల్నుంచి ఇక్కడ?"

"గది పోయిన మర్నాటి నుంచే" అంది గోల. "ముందు మీ ఇంటికే వచ్చాం. నువ్వు పడుకున్నావంది అత్త. మళ్ళీ మళ్ళీ వచ్చి లేపితే కాళ్ళు విరగ్గొడతానంది. బొగ్గు అత్తే ఇచ్చింది."

భార్య ఈ నాలుగు రోజులూ ఒక్క ముక్క చెప్పలేదు. అతను అరుగు అంచున కూలబడ్డాడు.

"ఒక ఆట ఆడతావా మామా?" అంది పిచ్చుక.

ఆడాడు. మొదటి పది ఎత్తులూ బాగానే పోయాయి. పదకొండో ఎత్తు దగ్గర పిచ్చుక మరమేకు ఒకటి అడ్డంగా తెచ్చి పెట్టింది. ఎందుకు పెట్టింది? ఏం కొడదామని? నేను వేశాక ఏం చేస్తుంది?

"నలభై ఎనిమిది, నలభై తొమ్మిది..."

"కాస్త మెల్లగా లెక్కపెట్టరా!"

"నీకోసం గడియారం ఆగుతుందా మామా? యాభై! పోయింది!"

నలుగురూ గంతులేశారు. పెద్ద బొండాం తన వంతని ముందుకొచ్చాడు, కాదు నాదని గోల తోసింది. పిచ్చుక ఇద్దర్నీ విడదీసి, నిదానం వైపు తిరిగింది. "కొంచెం పక్కకి జరుగు మామా. ఆడేవాళ్ళకి చోటు కావాలి."

నిదానం జరిగాడు. వెనక గోడకి నడుం ఆనించి కాళ్ళు చాపుకున్నాడు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. ఇంటికెళ్ళి పడుకోవాలి. ముందు ఈ ఆట ఏమవుతుందో చూసి వెళదామనుకున్నాడు.